పైడమ్మ పడవలో సరుగుడు కాయలు

అనగనగా సముద్రం ఒడ్డున, ఇసక మీద కట్టుకున్న ఒక ఊరు. పేరు గవ్వలపేట. కాస్త వెనక్కి జరుగు బుల్లీ, దిండంతా నువ్వే తీసుకుంటే నేను తలెక్కడ పెట్టుకోను? ఆఁ, అలా. ఇంక ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు, ముందే చెబుతున్నాను.

ఆ ఊళ్ళో మగవాళ్ళంతా వేటకెళ్ళేవాళ్ళే. వేటంటే పులివేట కాదే పిచ్చిమొహమా, చేపలవేట. తెల్లారకముందే పడవలేసుకుని సముద్రం మీదికి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు ఆ చేపల్ని కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, గంపల్లో పెట్టుకుని సంతకెళ్ళి అమ్ముకునేవాళ్ళు.

ఊరికీ సముద్రానికీ నడుమ పెద్ద సరుగుడు తోపు ఉండేది. సరుగుడు చెట్టు నువ్వు చూశావులే, ఆకుల బదులు సన్నసన్నటి పచ్చటి పుల్లలుంటాయి, జుట్టు విరబోసుకున్నట్టు. దానికి రేగిపండంత కాయలు కాస్తాయి. పట్టుకుంటే గరుకు. ఆ తోపుని ఎవరు నాటారో ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఇసకతో పాటే పుట్టిందనుకునేవాళ్ళు. ఎండుపుల్లలు ఏరి పొయ్యిలో పెట్టుకోవడం, నీడన కూర్చుని వలలు బాగుచేసుకోవడం, అంతకు మించి దాని ఊసే ఎత్తేవాళ్ళు కారు.

కానీ ఊరిని కాసేది ఆ తోపే. సముద్రం గాలి లేచిందంటే ఇసక లేచేది. లేచిన ఇసకంతా తోపులో చిక్కుకుని అక్కడే పడిపోయేది, ఊళ్ళోకి వచ్చేది కాదు. ఊరికి ఒక్కటే మంచినీళ్ళ నుయ్యి. చుట్టుపక్కల ఇంకెక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడేవి. ఆ ఒక్క నూతి మీదే ఊరు ఊరంతా బతికేది.

ఇలా ఉండగా ఒక కార్తీకమాసంలో పెద్ద తుఫాను వచ్చింది. పడవల్ని ముందే మెరక మీదికి లాక్కున్నారు కాబట్టి అవి దక్కాయి. మనుషులూ దక్కారు. తోపు మాత్రం దక్కలేదు. గాలి తగ్గాక పోయి చూస్తే చెట్లన్నీ ఒకే పక్కకి పడుకుని ఉన్నాయి. మూడంటే మూడు చెట్లు నిలబడ్డాయి.

ఆ తర్వాత ఇసక మొదలైంది. ముందు గుమ్మాల్లోకి వచ్చింది. తర్వాత కంచాల్లోకి వచ్చింది, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే కరకరలాడేది. ఆ తర్వాత నూతిలో పడటం మొదలెట్టింది. ఇంటికొకరు చొప్పున వంతులేసుకుని, నూతిలో దిగి ఇసక తోడేవాళ్ళు. పొద్దున్న తోడితే సాయంత్రానికి మళ్ళీ అంత పడేది.

అప్పుడు కులపెద్ద దానయ్య ఊరందర్నీ పిలిచాడు. ఊళ్ళో తగువొచ్చినా పెళ్ళి కుదిరినా ఆయన మాటే మాట. చెడ్డవాడేం కాదు, మంచివాడే. కాకపోతే ఒకసారి అన్నాడంటే అన్నట్టే, ఇంక బ్రహ్మదేవుడు వచ్చినా మార్చలేడు.

"నుయ్యి పూడిపోతే మనకి ఊరు లేదు," అన్నాడు దానయ్య. "వచ్చే దసరా ఎల్లాక, బళ్ళు నడిసే దారి సూసుకుని లోపలికి ఎల్లిపోదాం. పడవలు అమ్మేద్దాం. పొలాల్లో కూలి సేసుకుందాం. బతకాలి గదా."

సముద్రం తప్ప ఇంకోటి తెలియని మనుషులు, పొలంలో దిగి ఏం చేస్తారు చెప్పు? కొందరు కళ్ళు తుడుచుకున్నారు. దానయ్య కూడా తల తిప్పుకుని కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు పైడమ్మ లేచింది.

పైడమ్మంటే, వేటకెళ్ళే మసేను పెళ్ళాం. దానయ్యని ఊరి వరసన మావయ్యా అని పిలిచేది. ఎండుచేప పెట్టడంలో ఆ చుట్టుపక్కల ఆవిడ తర్వాతే ఎవరైనా. ఆవిడ పెట్టిన చేపకి పురుగు పట్టేది కాదు, వాసన మారేది కాదు. సంతలో జనం పైడమ్మ గంప వచ్చిందా లేదా అని అడిగి మరీ కొనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు, అందుకే తల కాస్త ఎత్తే నడిచేది. నోరు కూడా పెద్దదేలే. నాకు అలాంటి మనుషులంటే ఇష్టం, దాపరికం ఉండదు.

"నాను రాను," అంది పైడమ్మ. "మావయ్యా, నా సిన్నప్పుడు మా కన్నోరి ఊరు ఇసక కింద పోయింది. ఇల్లంతా మూటగట్టి నెత్తినెట్టుకుని మా అమ్మ ఎనకాల నడిసేను. ఓపాలి నడిసేను సాలు. మళ్ళీ నడవను."

"నడవక ఏటి సేత్తావు కోడలా?" అన్నాడు దానయ్య.

"తోపు పెంచుతాను," అంది.

జనమంతా నవ్వేశారు. అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది వాళ్ళకి. వల వెయ్యమంటే వేస్తారు గానీ చెట్టు పెంచడం ఆ ఊళ్ళో పుట్టినవాడెవడికి తెలుసు? దానయ్య మాత్రం నవ్వలేదు. "దసరా దాకా నీ ఇష్టం. దసరా దాటితే నా మాట," అన్నాడు. పైడమ్మ సరేనంది.

మర్నాడే పని మొదలెట్టింది. పడిపోయిన చెట్ల కింద రాలిన కాయలు గంపలకెత్తింది. కాయే విత్తనమనుకుంది పాపం. ఇంటి వెనక వరసగా చిన్న గుంటలు తీసి, గుంటకో కాయ పాతి, నీళ్ళు పోసింది. రోజూ పోసింది. శివరాత్రి వెళ్ళింది, ఉగాది వచ్చింది, ఒక్క మొలకా లేదు. తవ్వి చూస్తే కాయలు కాయల్లాగే ఉన్నాయి, కాస్త నల్లబడ్డాయంతే.

ఒకరోజు ఏమైందంటే, నిలబడ్డ మూడు చెట్లలో ఒకదాని కొమ్మ గాలికి విరిగింది. పైడమ్మ దాన్ని ఈడ్చుకొచ్చి పొయ్యి పక్కన పడేసి, పులుసు కాచుకుంటోంది. ఆ సెగకి కొమ్మకున్న కాయ ఒకటి చిటుక్కుమంది. ఇంకోటి చిటుక్కుమంది. వంగి చూస్తే, గరుకు కాయ నిండా పిచ్చుకపిల్లల నోళ్ళలా చిన్న చిన్న నోళ్ళు తెరుచుకున్నాయి. ఒక్కో నోట్లోంచీ ఒక్కో గింజ జారింది. నువ్వుగింజ కన్నా చిన్నది. దానికో పల్చటి రెక్క. ఉఫ్ అంటే ఎగిరిపోయేలా ఉంది.

పైడమ్మ ఆ గింజని వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. అప్పుడు అర్థమైంది. రాలిన కాయలు ఎప్పుడో నోళ్ళు తెరిచాయి, గింజలు ఎప్పుడో ఎగిరిపోయాయి. తను ఇన్నాళ్ళూ నీళ్ళు పోసింది ఖాళీ డొప్పలకి. తన మీద తనకే నవ్వొచ్చి పడీపడీ నవ్వింది. పులుసు మాడింది, అది వేరే సంగతి.

అయితే కాయ చెట్టు మీద ఉండగానే కోయాలి. పచ్చదనం పోయి గోధుమరంగు తిరుగుతున్నప్పుడు, నోరు తెరవకముందే కోయాలి. కోసి ఎండబెట్టాలి, తెరిచినప్పుడు గింజ పట్టుకోవాలి. ఎండబెట్టడమా, అది పైడమ్మకి వెన్నతో పెట్టిన విద్య. "ఎండబెట్టడం నాకు ఇంకోళ్ళు నేర్పాలేటి?" అని మొగుడి ముందు చేతులు తిప్పింది.

మసేను నెమ్మదస్తుడు. పెళ్ళాం చెప్పిందని మొదటి చెట్టెక్కి, కాయలన్నీ కోసి దించాడు. పైడమ్మ వాటి ముందు కూర్చుని, ఆ కాయలన్నిటికీ దోసిళ్ళకొద్దీ ఉప్పు పట్టించడం మొదలెట్టింది.

"కాయకి ఉప్పెందుకే?" అన్నాడు మసేను.

"సేపకెందుకు? పురుగు పట్టకుండా. కాయకి పట్టదేటి?" అంది పైడమ్మ.

నవ్వకు బుల్లీ. పొలం పనులు చేసే ఇంటి పిల్లయితే విత్తనానికి ఉప్పు పెట్టేదా? పెట్టదు. ఈవిడ చేపలింటి పిల్ల. పుట్టి బుద్ధెరిగాక ఏది ఎండబెట్టినా ఉప్పుతోనే ఎండబెట్టింది. చేతికి అలవాటైన పని, మనసుని అడక్కుండానే జరిగిపోతుంది.

ఆ తర్వాత ఏమైంది? ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది. వానాకాలంలో మన ఉప్పుజాడీ చూడు, అడుగంతా నీళ్ళే. పగలు కాయ ఎండేది, పొద్దుటికి మళ్ళీ చెమ్మ పట్టి తడిసిపోయేది. ఎన్నాళ్ళు ఎండబెట్టినా ఒక్క కాయా నోరు తెరవలేదు. ఆఖరికి మెత్తబడి నల్లబడ్డాయి. రాయి పెట్టి చితక్కొట్టి, దొరికిన గింజలు చల్లింది. ఒక్కటీ మొలవలేదు.

ఊరంతా తెలిసిపోయింది. నూతి దగ్గర ఆడవాళ్ళు, "పైడమ్మొదినా, సరుగుడు ఊరగాయ ఊరిందా? మాకో గిన్నెడు ఎట్టు," అనేవాళ్ళు. పైడమ్మ "ఊరింది, ఎండుమిరపకాయలు తెచ్చుకోండి," అని తిప్పికొట్టేది గానీ లోపల సిగ్గుతో చచ్చిపోయేది. తెలియని పనిలో ఓడిపోతే ఓ లెక్క. తనకి బాగా తెలుసనుకున్న పనిలో ఓడిపోయింది.

అయినా ఊరుకుందా? రెండో చెట్టు కాయలు కోయించింది. ఈసారి ఉప్పు జోలికి పోలేదు. ఇంటి వెనక చాప పరిచి, దాని మీద పాత పంచె వేసి, కాయలు పల్చగా ఆరబోసింది. గాలికి గింజ ఎగరకుండా చుట్టూ తడికలు నిలబెట్టింది. మూడోరోజుకి కాయలు చిటచిటలాడటం మొదలెట్టాయి. పైడమ్మకి ఆ చప్పుడు వింటుంటే కడుపు నిండిపోయింది. సాయంత్రం గింజలు దులుపుకుందామనుకుంది.

ఆరోజు నూతిలో ఇసక తోడే వంతు వాళ్ళింటిది. వంతు తప్పితే ఊరికి నీళ్ళుండవు. వెళ్ళి, నడుం విరిగేలా తోడి, పొద్దుగూకే వేళకి తిరిగొచ్చింది. చూస్తే కాయలన్నీ నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. పంచె మీద గింజన్నది లేదు.

వంగి చూసింది. చాప అంచునుంచి గోడ దాకా చీమల బారు. ఒక్కో చీమ నోట ఒక్కో గింజ. గింజ రెక్క పైకి లేచి ఉందేమో, చిన్నచిన్న తెరచాపలు ఎత్తుకుని పడవలు పోతున్నట్టుంది. ఆఖరి తెరచాప కూడా ఆవిడ చూస్తుండగానే గోడ పగుల్లోకి పోయింది. చీమని తిట్టకే, దానికీ పిల్లలుంటాయి, ఇల్లుంటుంది.

పైడమ్మ అక్కడే ఇసకలో చతికిలబడింది. ఇంక మిగిలింది ఒక్క చెట్టు. అందులోనూ తప్పు జరిగితే గింజ ఎక్కడినుంచి వస్తుంది? అప్పటిదాకా భయమన్నది ఎరగని మనిషికి అప్పుడు భయం వేసింది. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు మాత్రం లేచి మొహం కడుక్కుని, కొప్పు ముడేసుకుంది. ఈసారి తెలివిగా కాయ పెట్టలేదు, బెల్లంముక్క పెట్టి చూసింది. చుట్టూ పసుపు గీసింది. చీమలు కాసేపు ఆలోచించి దాటేశాయి. బూడిద పోసింది. గాలికి బూడిద ఎగిరిపోయింది, చీమలు వచ్చేశాయి. బెల్లాన్ని ఉట్టిలో పెట్టి చూరుకి వేలాడదీసింది. చూరు మీంచి తాడు పట్టుకుని ఒకదాని వెనక ఒకటి దిగాయి. ఎంత బుద్ధి చూడు వాటికి.

ఆ పూట మసేను అన్నం తింటూ, "నువ్వు ఎంతసేపూ నేల మీదే ఆలోసిత్తావు. మా పడవలో ఎప్పుడైనా సీమని సూసేవేటి?" అన్నాడు. గొప్పకి అన్నాడంతే. అనేసి నాలిక్కరుచుకున్నాడు. అప్పటికే పైడమ్మ చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది.

"పడవ నాకియ్యి," అంది.

చేపలు ముమ్మరంగా పడుతున్న రోజులవి. ఊళ్ళో ప్రతి పడవా మునిగేంత బరువుతో తిరిగొస్తోంది. అలాంటప్పుడు పడవ గట్టున కట్టేసుకుని కాయలు ఎండబెట్టుకోమంటే ఏ మగాడు ఒప్పుకుంటాడు? మసేను ముద్ద నమలడం ఆపేశాడు.

"గింజలు రాకపోతేనో?" అన్నాడు.

"రాకపోతే దసరా ఎల్లాక ఎలాగూ పడవ అమ్మేత్తావు. ఎవుడికో అమ్మేసే పడవ, నాకు కొన్నాళ్ళియ్యలేవా?" అంది పైడమ్మ. మసేను చెయ్యి కడుక్కుని, వెళ్ళి పడవలోంచి వల తీసి గట్టున పడేశాడు.

ఇంకో చిక్కుంది. ఆ ఊళ్ళో ఆడది పడవెక్కకూడదు. ఎక్కితే గంగమ్మతల్లికి కోపమొస్తుందని కట్టుబాటు. దానయ్య స్వయంగా వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"మావయ్యా, ఆ కట్టు ఏటకెల్లే పడవకి," అంది పైడమ్మ. "ఇది ఏటకెల్లట్లేదు. తాడేసి కట్టిన పడవ, నా పెరడుతో సమానం. పని అయ్యాక పసుపునీళ్ళు సల్లి తల్లికి అప్పజెప్పుతాను." దానయ్య మీసం సర్దుకున్నాడు. పక్కకి తప్పుకున్నాడు.

ఊరి పక్కనే సముద్రంలో కలిసే గెడ్డ ఒకటుంది. సన్నటి ఏరులే. ఆ గెడ్డ నడుమ, నీళ్ళలో పడవని గుంజకి కట్టారు. పడవ అడుగున చెమ్మ ఉంటుందని అడ్డంగా వెదుళ్ళు పరిచి, వాటి మీద తెరచాప పరిచారు. తెరచాప మీద మూడో చెట్టు కాయలు ఆరబోశారు. పైన పైడమ్మ పెళ్ళినాటి పల్చటి చీర కప్పారు. ఎండ దిగుతుంది, గాలి ఆగుతుంది, చీమ రాదు. పొద్దున్నే పైడమ్మ మోకాటిలోతు నీళ్ళలో నడిచి వెళ్ళి పడవెక్కేది, పొద్దుగూకాక చెమ్మ పట్టకుండా అన్నీ మూటగట్టుకుని దిగేది.

అప్పుడే రోహిణి కార్తె వచ్చింది. రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళే పగిలితే సరుగుడు కాయ ఎంత? చిటుక్ చిటుక్‌మని ఒకటే చప్పుడు. పైడమ్మ నెత్తిన తడిగుడ్డ వేసుకుని, కాయల్ని చేత్తో తిరగేస్తూ, గింజల్ని తెరచాప మధ్యకి దులుపుతూ కూర్చునేది. చేపలతో తిరిగొచ్చేవాళ్ళు, "మసేనూ, నీ పడవలో ఈవేళ ఏటి పడ్డాయి?" అని వెక్కిరించేవాళ్ళు. మసేను గట్టున కూర్చుని వల కుట్టుకుంటూ, "కాయలే పడ్డాయి," అనేవాడు. కాస్త మొహం చిన్నబోయేది గానీ అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు.

ఊఁ కొడుతున్నావా? ఇప్పుడే గట్టిగా కొట్టాలి.

ఇంక రేపో మాపో పని అయిపోతుందనగా, ఒక మధ్యాహ్నం పడమటి దిక్కు నల్లగా కమ్ముకొచ్చింది. చూస్తుండగానే ఈదురుగాలి లేచింది. పడవ ఒక ఊపు ఊగి, గుంజకి కట్టిన తాడు తెగింది. గాలి సముద్రం వైపు తోస్తోంది. పడవ గెడ్డ సముద్రంలో కలిసే మొగ వైపు పరుగెత్తింది. మొగ దాటితే నడిసముద్రమే.

మసేను గట్టు వెంట పరుగెడుతూ, "గెడ పట్టు, పైడీ. ఆ గుడ్డ ఒగ్గీ, గెడ పట్టు," అని అరిచాడు. గెడంటే పొడుగాటి వెదురుకర్ర, దాన్ని నీళ్ళలో నేలకి గుచ్చి పడవ నడుపుతారు. దానికి రెండు చేతులూ కావాలి. గుడ్డ వదిలితే గింజలన్నీ గాలికి పోతాయి.

పైడమ్మ తెరచాప నాలుగు కొసలూ లాగి ముడేసింది. పల్చటి చీరతో ఆ మూటని, చంటిపిల్లని కట్టుకున్నట్టు వీపుకి కట్టుకుంది. అప్పుడు గెడ అందుకుంది. పుట్టాక ఎప్పుడూ గెడ పట్టిన మనిషి కాదు. కానీ గట్టున నిలబడి జీవితమంతా చూసింది కదా. కాళ్ళు వెడల్పుగా పెట్టి, గెడని ఇసకలోకి దిగ్గొట్టి, బరువంతా దాని మీద వేసి తోసింది. పడవ ఆగలేదు. రెండోసారి తోసింది, కాస్త తిరిగింది. మూడోసారి పళ్ళు బిగబట్టి తోస్తే, మొగ పక్కనున్న ఇసకదిబ్బకి కొట్టుకుని ఆగింది.

మసేను ఈదుకుంటూ వచ్చి పడవ పట్టుకున్నాడు. పెళ్ళాన్ని చూసి ఏడ్చేశాడు. "గింజలు పోతే పోయినియి, నువ్వు పోతే నానేటైపోను?" అన్నాడు. పైడమ్మ చేతులు ఇంకా గెడనే పట్టుకుని ఉన్నాయి. "ముందు మూట తడిసిందేమో సూడు," అంది. పైన తడిసింది, లోపల పొడిగానే ఉంది.

ఇంటికొచ్చి తడిసినవాటిని నీడన ఆరబెట్టారు. తలుపులు మూసి, జల్లెడ పట్టి, పొట్టు తీశారు. ఒక్క చెట్టు కాయలకి కుంచెడు గింజలు వచ్చాయి. గుప్పెట్లోకి తీసుకుంటే వేలు. పైడమ్మ వాటిని మెత్తటి ఇసకలో కలిపి, మళ్ళు కట్టి చల్లి, పైన తాటాకు పందిరి వేసింది. చెప్పినట్టే పడవకి పసుపునీళ్ళు చల్లి గంగమ్మకి అప్పజెప్పింది. మసేను వేటకెళ్ళాడు.

చల్లాక కొన్నాళ్ళు ఏమీ కనబడలేదు. జనం మళ్ళీ నోళ్ళు నొక్కుకున్నారు. పైడమ్మ నీళ్ళు చిలకరిస్తూ పోయింది. ఆ తర్వాత ఒక పొద్దున్న చూస్తే మళ్ళంతా సన్నటి పచ్చటి వెంట్రుకలు. ఆవిడ నేల మీద బోర్లా పడుకుని, గెడ్డం ఇసకకి ఆనించి వాటిని చూసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

వానలు పడ్డాయి, మొక్కలు జానెడు ఎదిగాయి. దసరా వచ్చింది, వెళ్ళింది. దానయ్య అన్నమాట ప్రకారం జనం మూటలు కట్టుకున్నారు. బళ్ళు వచ్చి ఊరి బయట నిలబడ్డాయి. వెళ్ళేవాళ్ళు వెళ్ళేముందు పైడమ్మ పెరట్లోకి తొంగిచూశారు. చూసి ఎవరూ కదల్లేకపోయారు. పందిరి కింద వేలకొద్దీ మొక్కలు, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి.

దానయ్య నెత్తిన మూట పెట్టుకునే లోపలికి వచ్చాడు. వంగి మొక్కల్ని చూశాడు.

"గొప్ప పని సేసేవు కోడలా," అన్నాడు. "కానీ ఇయ్యి పెరిగి ఇసకని ఆపాలంటే మూడేళ్ళు పడతాది. అందాకా మనల్ని కాత్తాయేటి?"

"కాయవు మావయ్యా," అంది పైడమ్మ. "ఇయ్యి మనల్ని కాత్తాయని నాను సెప్పట్లేదు. మనమే ఈటిని కాయాలి. ఇసకలో పెట్టిన మొక్క, రోజూ నీళ్ళు పోసినోళ్ళుంటే బతుకుద్ది. లేపోతే ఎండిపోద్ది. మీరు ఎల్లాలంటే ఎల్లండి, తప్పు పట్టను. నానూ మా ఆయనా ఉంటాం. ఇద్దరం ఎన్నిటికి పొయ్యగలిగితే అన్ని బతుకుతాయి."

ఆ మాట అనేసి కుండ ఎత్తుకుని నూతి వైపు నడిచింది. వచ్చి ఒక వరసకి పోసింది. మళ్ళీ వెళ్ళింది. మసేను ఇంకో కుండ పట్టుకుని వెనకే నడిచాడు. ఇద్దరూ ఎంత తిరిగినా తడిసింది కాస్తే, తడవాల్సింది కొండంత. జనం మూటలతో అలా చూస్తూ నిలబడ్డారు. బండివాళ్ళు ఎద్దుల్ని అదిలిస్తున్నారు.

దానయ్య చూశాడు, చూశాడు. అప్పుడు నెత్తిమీది మూట దించి ఇసకలో పెట్టాడు. ముడి విప్పి, లోపలున్న ఇత్తడి బిందె బయటికి తీశాడు. ఒకసారి అన్నాడంటే బ్రహ్మదేవుడు వచ్చినా మాట మార్చని మనిషి.

"నా వరస ఏదే కోడలా?" అన్నాడు.

అంతే బుల్లీ. ఆ తర్వాత ఒక్కొక్క మూటా విప్పుకుంది. ఒక్కొక్క బిందె బయటికి వచ్చింది. బళ్ళు ఖాళీగా తిరిగి వెళ్ళిపోయాయి. ఇంటికో వరస పంచుకుని, తోపు ఉన్నచోటే మొక్కలు నాటారు, గాలి వైపు తాటాకు దడులు కట్టారు. మూడేళ్ళు ఇటు నూతిలో ఇసక తోడుతూ, అటు మొక్కలకి నీళ్ళు పోస్తూ వచ్చారు. కష్టం కాదా అంటే కష్టమే. చేతులు కాయలు కాశాయి, తిట్టుకున్నారు, పోట్లాడుకున్నారు, మొక్క చచ్చినచోట మళ్ళీ నాటారు.

నాలుగో ఏడు ఒక పొద్దున్న, వంతు ప్రకారం నూతిలోకి దిగినవాడు అడుగంతా తడిమి చూసి, తట్ట ఖాళీగానే పట్టుకుని పైకి వచ్చేశాడు. తోడటానికి అడుగున ఇసక లేదు.

కాయ ఎండకి, గింజ మడికి,
మొక్క గట్టుకి, పడవ వేటకి,
కథ వెళ్ళింది కంచికి,
బుల్లెమ్మ వెళ్ళాలి నిద్రకి.